సిపాయి, సంసారి: హవల్దారు అబ్దుల్ హమీద్

(వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో ఒక మహనీయుని జీవితాన్ని తలచుకోవడం మన సొసైటీకి ఆనవాయితీ. ఈ ఏడు ఎవరిని గురించి మాట్లాడాలని కార్యవర్గంలో చర్చ వచ్చినప్పుడు, మనలోనే ఉన్న ఒక మాజీ సైనికుడు, వయసులో చాలా పెద్దాయన, ఒక మాట అన్నారు. "పండితుల గురించి చెప్పుకున్నాం, దాతల గురించి చెప్పుకున్నాం. ఈసారి ఒక సిపాయి గురించి చెప్పండి. అయితే యుద్ధం ఒక్కటే చెప్పి వదిలేయకండి, ఆయన ఇంటి సంగతి కూడా చెప్పండి" అన్నారు. ఆయన మాట మీదనే ఈ ప్రసంగం సిద్ధం చేసుకున్నాం. మేము ఎంచుకున్న సిపాయి పేరు మీకందరికీ తెలిసినదే. పరమవీర చక్ర గ్రహీత, కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారు అబ్దుల్ హమీద్.

పేరు తెలుసు. జీపు తెలుసు. ట్యాంకులు తెలుసు. ఇంతకంటే ఏం తెలుసు అని మమ్మల్ని మేము ప్రశ్నించుకుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాం, పెద్దగా ఏమీ తెలియలేదు. ఆయన బ్రతికింది 32 సంవత్సరాలు. మనం గుర్తుపెట్టుకున్నది అందులో ఒక్క పూట. తక్కిన జీవితం ఎలా గడిచింది? ఆయన పోయిన తరువాత ఆ ఇల్లు ఎలా నిలబడింది? ఈ రెండు ప్రశ్నలకూ మాకు చేతనైనంతలో జవాబు చెప్పడానికే ఈ ప్రయత్నం.

అబ్దుల్ హమీద్ 1933 జూలై 1న ఉత్తర ప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో పుట్టారు. తండ్రి మొహమ్మద్ ఉస్మాన్ గారు దర్జీ. తల్లి సకీనా బేగం. గంగానది పారే ఆ ప్రాంతం పేద రైతులకూ, చేతివృత్తులవాళ్లకూ నిలయం. తండ్రికి కుట్టుపనిలో సాయపడుతూ ఆ కుర్రవాడు పెరిగాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. దర్జీ బిడ్డ అంటే ఎలా పెరుగుతాడో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ హాలులో ఉన్నవాళ్లలో పదిమందికైనా బజారులో మిషను ఉంది. ఆ పదిమందీ చిన్నప్పుడు బడినుంచి రాగానే గుండీలు కుట్టినవాళ్లే, కాజాలు తీసినవాళ్లే. రంజాన్ నెల చివరి పది రోజులూ రాత్రంతా దీపం కింద కూర్చుని ఊరందరి కొత్తబట్టలూ కుట్టి, పండుగనాడు తమ పిల్లలకు మాత్రం పాత చొక్కానే ఉతికి తొడిగిన ఇళ్లు మనకు తెలుసు. ఒక అంగుళం తప్పితే గుడ్డ పాడవుతుంది. గుడ్డ పాడయితే ఆ డబ్బు తన ఇంట్లోంచి పోతుంది. అందుకని దర్జీకి కన్ను నిలకడగా ఉండాలి, చెయ్యి వణకగూడదు, కొలత తప్పగూడదు. ఇవన్నీ తరువాత ఆయనకు ఎక్కడ పనికొచ్చాయో మీరే ఊహించుకోండి.

1954 డిసెంబరు 27న, 21 ఏళ్ల వయసులో, ఆయన సైన్యంలో చేరారు. గ్రెనేడియర్స్ రెజిమెంటు ఆయనను తీసుకుంది. రాజస్థాన్‌లోని నసీరాబాద్‌లో శిక్షణ అయింది. మరుసటి సంవత్సరం ఆ రెజిమెంటులోని నాలుగవ పటాలంలో చేరారు. ఆ తరువాత ఆగ్రా, అమృత్‌సర్, జమ్మూ కాశ్మీర్, ఢిల్లీ, ఈశాన్య సరిహద్దు, రామ్‌గఢ్. పటాలం ఎక్కడికి కదిలితే ఆయనా అక్కడికి కదిలారు. రసూలన్ బీబీ గారితో వివాహమైంది. నలుగురు కొడుకులు, ఒక కూతురు కలిగారు.

సిపాయి సంసారం అంటే ఏమిటో సివిల్ జీవితంలో ఉన్న మనకు అంత తేలికగా అర్థం కాదు. మన పొరుగింటి వాళ్లకు పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఎడబాటు. సిపాయి ఇంట్లో ఒక సెలవుకూ ఇంకొక సెలవుకూ మధ్య ఎడబాటు. బిడ్డ పుట్టినప్పుడు తండ్రి ఉండడు. బిడ్డ నడక నేర్చినప్పుడు ఉండడు. సెలవు మీద వచ్చేసరికి ఆ బిడ్డ "ఈయన ఎవరమ్మా?" అని తల్లి చెంగు చాటుకు పోతాడు. రెండు నెలల్లో మాలిమి అయ్యేసరికి ట్రంకు పెట్టె మళ్లీ సర్దుకోవలసి వస్తుంది. మనియార్డరు వచ్చిన రోజునే బాకీలు తీర్చడం, పోస్టుమాను సైకిలు గంట వినబడితే గుండె ఝల్లుమనడం, ఉత్తరంలో రాయని సంగతులను రాసినవాటి నుంచి పోల్చుకోవడం, ఇవన్నీ సిపాయి భార్య చేసే నౌకరీ. ఆ నౌకరీకి జీతం లేదు, పతకం లేదు.

1962లో చైనా యుద్ధం వచ్చింది. బ్రిగేడియర్ జాన్ దళ్వీ గారి ఏడవ బ్రిగేడులో నాలుగవ గ్రెనేడియర్స్ కూడా ఉంది. ఆ బ్రిగేడును నమ్కా చూ అనే కొండవాగు ఒడ్డున నిలబెట్టారు. అంతటి ఎత్తులో, అంతటి చలిలో, చాలినన్ని ఉన్నిబట్టలు లేక, మందుగుండు లేక మన జవానులు పడిన పాట్లు చరిత్రకు ఎక్కాయి. అక్టోబరు 20న చైనా దాడి వచ్చిపడింది. బ్రిగేడు చెదిరిపోయింది. దళ్వీ గారు శత్రువుకు బందీగా చిక్కారు. చుట్టుముట్టబడిన గ్రెనేడియర్లు కాలినడకన భూటాన్ మీదుగా బయటపడి, అస్సాంలోని మిసామారి చేరారు. ఆ నడిచినవారిలో అబ్దుల్ హమీద్ ఒకరు. ఓటమి ఎట్లా ఉంటుందో ఆయన కళ్లారా చూశారు. అయినా నౌకరీ వదలలేదు, నిరాశపడలేదు.

ఆయన హోదా గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారు అని పొడుగ్గా చదివేసి ఊరుకుంటాం. అంటే ఏమిటి? కంపెనీలో ఉండే వందమందికి పైగా జవానులకు తిండి, బట్ట, దుప్పటి, బూటు, సామాను సమకూర్చి, లెక్క చూసేవాడు. ఎవరికి రేషన్ తక్కువైంది, ఎవరి బూటు అడుగు ఊడింది, ఎవరికి దుప్పటి చాలలేదు, ఇవన్నీ ఆయన చూసుకోవాలి. మన మాటల్లో చెప్పాలంటే ఆ కంపెనీ అనే పెద్ద సంసారానికి ఆయన ఇంటి యజమాని. ఊళ్లో ఐదుగురు బిడ్డల తండ్రి, పటాలంలో వందమంది ఆకలి చూసే మనిషి. సంసారి అన్న మాట ఆయనకు రెండు విధాలా సరిపోతుంది.

అయితే ఆయనకు ఇంకొక విద్య ఉంది. జీపు మీద అమర్చే 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్ను వాడడంలో ఆయన ఆరితేరినవాడు. సామాను లెక్కలు చూసే హోదాకు రాకముందు ఆ గన్నుల దళంలోనే పనిచేశారు. 1965లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు, సామాను పని పక్కన పెట్టి మళ్లీ ఆ గన్ను పట్టవలసి వచ్చింది.

యుద్ధం కథ క్లుప్తంగా చెబుతాం. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్ సైన్యం పంజాబులోని ఖేమ్‌కరణ్ వైపునుంచి పాటన్ ట్యాంకులతో చొచ్చుకు వచ్చింది. అమెరికా తయారీ ట్యాంకులు అవి. ఒక్కొక్కటి నలభై టన్నుల పైబడిన బరువు. ఎదురుగా ఉన్నది మేజర్ జనరల్ గురుబక్ష్ సింగ్ గారి నాలుగవ మౌంటెన్ డివిజన్. మనవాళ్లు కొంత వెనక్కు తగ్గి, అసల్ ఉత్తర్ గ్రామం దగ్గర గుర్రపు నాడా ఆకారంలో మోహరించారు. చెరకు తోటలు కళ్లకు అడ్డుగా నిలిచాయి. పొలాల్లోకి నీళ్లు వదిలారు. బురదలో ఆ భారీ ట్యాంకులు దిగబడడం మొదలుపెట్టాయి. నాలుగవ గ్రెనేడియర్స్‌కు చీమా అనే గ్రామం ముందర, భిఖివిండ్ రోడ్డు మీద, కాపలా అప్పగించారు.

సెప్టెంబరు 10వ తేదీ శుక్రవారం. జుమా రోజు. ఉదయం 8 గంటలకు శత్రువు ట్యాంకులతో దాడి ప్రారంభించాడు. ముందు ఫిరంగి గుండ్ల వాన, దాని వెనక ట్యాంకులు. 9 గంటలయ్యేసరికి ట్యాంకులు మన ముందు వరస కంపెనీలలోకి వచ్చేశాయి. అప్పుడు అబ్దుల్ హమీద్ తన జీపును పక్కకు నడిపించి, అనువైన చోటు చూసుకుని, అందరికంటే ముందున్న ట్యాంకును కొట్టారు.

ఆ గన్ను సంగతి తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది. ట్యాంకుకు ఉక్కు కవచం ఉంది. జీపుకు రేకు తప్ప ఏమీ లేదు. పైగా ఆ గన్ను పేల్చినప్పుడు వెనకనుంచి మంట, దుమ్ము లేస్తాయి. నేను ఇక్కడున్నాను అని శత్రువుకు కబురు పంపినట్టే. అందుకని ఒక దెబ్బ కొట్టగానే చోటు మార్చాలి. ఆయన వెంటనే చోటు మార్చి రెండవ ట్యాంకును తగలబెట్టారు. ఈలోపల తక్కిన ట్యాంకులు ఆయనను పోల్చుకుని గుళ్లవర్షం కురిపించాయి. అయినా ఇంకొక ట్యాంకు మీదకు గురిపెట్టి కాలుస్తూనే ఉన్నారు. ఆ స్థితిలోనే ఒక గుండు వచ్చి తగిలి, ప్రాణం వదిలారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

పతకంతోబాటు ఇచ్చిన ప్రశస్తి పత్రంలో ఆ రోజు సంగతి ఈ విధంగా ఉంది. అంతకుముందు రోజుల దాడుల్లో ఆయన కొట్టినవి కూడా కలిపి మొత్తం ఏడు అని కొందరు, ఎనిమిది అని కొందరు రాశారు. లెక్క దగ్గర తగువు మనకు వద్దు. ఆ పోరులో పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు 97 అని మనవాళ్ల లెక్క. పట్టుబడిన ట్యాంకులను భిఖివిండ్ దగ్గర వరసలు పెడితే, ఆ చోటికి జనం పాటన్ నగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఇంతవరకూ పుస్తకాలు చెబుతాయి. ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం.

సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి. అబ్దుల్ హమీద్ గారికి పరమవీర చక్ర ప్రకటించారు. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఒప్పందం కుదిరింది. ఆ మరునాడే ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు అక్కడే కన్నుమూశారు. దేశం ఇంకా ఆ దుఃఖంలో ఉండగానే గణతంత్ర దినం వచ్చింది. 1966 జనవరి 26న ఢిల్లీలో, మన తెలుగు కుటుంబంలో పుట్టిన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చేతులమీదుగా, రసూలన్ బీబీ గారు భర్త పతకం అందుకున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. గాజీపూర్ జిల్లా పల్లెటూరి ఇల్లాలు. ఢిల్లీ చలి. ఎదురుగా సైన్యం, బ్యాండు, మంత్రులు, రాయబారులు. చేతికి ఇచ్చినది ఒక చిన్న కంచు పతకం. దాన్ని పట్టుకుని ఆమె మళ్లీ ఐదుగురు బిడ్డల దగ్గరకు వెళ్లాలి. ఆయన సమాధి ఆ ఊళ్లో లేదు. ఎక్కడ పడ్డారో అక్కడే, పంజాబులోని అసల్ ఉత్తర్‌లో ఉంది. ధాముపూర్‌కూ దానికీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైన దూరం. మనలో ఎవరింట్లోనైనా పెద్దలు పోతే, గురువారం సాయంత్రం ఖబ్రస్తానుకు వెళ్లి నాలుగు పూలు చల్లి, ఫాతిహా చదివి వస్తాం. మనసు కాస్త తేలికపడుతుంది. ఆ తల్లికి ఆ ఓదార్పు కూడా చేతికందే దూరంలో లేదు.

భర్త పదేళ్ల ఎనిమిది నెలలు సైన్యంలో పనిచేశారు. ఆయన పోయిన తరువాత ఆమె దాదాపు 54 సంవత్సరాలు బ్రతికారు. పిల్లలను పెంచారు. మనుమలను ఎత్తుకున్నారు. ఏటా సెప్టెంబరు 10 వచ్చేసరికి ఆయన పేరు తలచుకోవడానికి వచ్చే జనం మధ్య కూర్చున్నారు. పెద్ద వయసులో కూడా ఊరుకోలేదు. అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ గారిని ఆమె ఆహ్వానిస్తే, ఆయన 2017 సెప్టెంబరు 10న ధాముపూర్ వచ్చి నివాళి అర్పించారు. ఒక హవల్దారు భార్య పిలుపు మీద దేశ సైన్యాధిపతి పల్లెటూరికి రావడం చిన్న సంగతి కాదు. 2019 ఆగస్టు 2న రసూలన్ బీబీ గారు కన్నుమూశారు. అల్లా ఆ ఇద్దరికీ జన్నతులో చోటు ప్రసాదించుగాక.

ప్రభుత్వం అబ్దుల్ హమీద్ గారిని మరిచిపోలేదు. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన పరమవీర చక్ర ధారావాహికలో ఆయన కథ చూపించారు. 2000 సంవత్సరం జనవరి 28న ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదలైంది. 2023 జనవరి 23న అండమాన్‌లోని 21 దీవులకు 21 మంది పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు అందులో ఆయన పేరూ ఉంది. 2024లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆరవ తరగతి పుస్తకాలలో ఆయన మీద పాఠం చేర్చారు. మరి 2025లో, ధాముపూర్‌లో ఆయన పేరుతో ఉన్న పాఠశాల ద్వారం మీద ఆ పేరు పోయి వేరే పేరు కనబడేసరికి ఆయన కుటుంబం బాధపడింది, అడిగింది. ఆ పేరు మళ్లీ రాశారు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, ఎంత పెద్ద పేరైనా సరే, కనిపెట్టి చూసుకునేవాళ్లు ఉంటేనే నిలుస్తుంది. గోడమీది పేరును చూసుకున్నది ఎవరు? మళ్లీ ఆ ఇంటివాళ్లే.

ఇక్కడ మనసులో మాట ఒకటి దాచుకోకుండా చెబుతాం. పెద్దలు తప్పయితే మన్నించాలి. ఎక్కడైనా, ఎవరైనా మన దేశభక్తిని గురించి ఒక మాట తూలితే, మనం వెంటనే అబ్దుల్ హమీద్ పేరు తీస్తాం. ఆఫీసులో గుమాస్తా అడిగితే రేషన్ కార్డు తీసి చూపించినట్టు తీసి చూపిస్తాం. మేమూ ఆ పని చేసినవాళ్లమే. కాని ఆయన మన జేబులో పెట్టుకోవలసిన సర్టిఫికెట్టు కాదు. ఆ ఉదయం ఆయన చీమా గ్రామం ముందర నిలబడింది మనకోసం సాక్ష్యం చెప్పడానికి కాదు. ఆ రోజు ఆయన వెనక తన పటాలం ఉంది, ఆ పటాలం వెనక దేశం ఉంది. అప్పగించిన పనిని చేశారు. మన వంతు గౌరవం ఏమంటే, ఆయన పేరు వాడుకోవడం తగ్గించి, ఆయనవంటి వాళ్ల ఇళ్లను పట్టించుకోవడం.

1965 యుద్ధంలో పరమవీర చక్ర ఇద్దరికే వచ్చింది. రెండవవారు లెఫ్టినెంట్ కర్నల్ ఆర్దేషిర్ తారాపోర్ గారు. పార్సీ. ఆయన సైనిక జీవితం మన హైదరాబాదు సంస్థానపు సైన్యంలోనే మొదలైంది. అబ్దుల్ హమీద్ గారు పోయిన ఆరు రోజులకు, సెప్టెంబరు 16న, చావిండా దగ్గరి పోరులో ఆయనా అమరులయ్యారు. దర్జీ కొడుకైన ముస్లిం హవల్దారు ఒకరు, పార్సీ కమాండరు ఒకరు. ఆ నెలలో ఇంకా ఎన్ని మతాలవాళ్ల, ఎన్ని భాషలవాళ్ల ఇళ్లకు తంతి వెళ్లిందో. ఆ ఇళ్లన్నిట్లోనూ దుఃఖం ఒక్కటే.

ఇక మన ఊరి సంగతి. మన సభ్యుల్లోనూ పటాలంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. యూనిఫారం విప్పిన మరుసటి నెలకే మనం వాళ్లను "మిలట్రీ సాహెబు" అనే ఒక్క పేరుతో సరిపెట్టేస్తాం. బ్యాంకు ముందర తుపాకీతో కూర్చున్న కాపలాదారుగానో, పండుగ నమాజుకు వరసలు సరిచేసే పెద్దాయనగానో చూస్తాం. ఏ కొండమీద కాపలా కాశారో, ఏ చలిలో వేళ్లు మొద్దుబారాయో ఎవరం అడగం. అడగకపోతే వాళ్లూ చెప్పరు.

మన జ్ఞాపకంలో ఉన్న ఒక సంగతి చెప్పి తీరాలి. పేర్లు చెప్పం. కొన్నేళ్ల క్రితం మనలో ఒక మాజీ సైనికుడు కాలం చేశారు. జనాజాకు ఊరంతా వచ్చింది. మనమంతా భుజం పట్టాం. మూడవ రోజు వెళ్లాం, నలభయ్యవ రోజు వెళ్లాం, బిర్యానీ తిని వచ్చాం. ఆ తరువాత ఎవరం ఆ తలుపు తట్టలేదు. ఏడాదికి పైగా గడిచిన తరువాత తెలిసింది, ఆయన భార్యకు కుటుంబ పింఛను ఇంకా మొదలే కాలేదని. కారణం? సైన్యపు రికార్డులో ఆమె పేరు చివర "బీ" అని ఉంది, ఆధార్ కార్డులో "బేగం" అని ఉంది. పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకొకచోట ఇంకొకటి. ఆమెకు చదువు రాదు. కొడుకు కూలిపనికి వెళితేగాని పూట గడవదు. ఆఫీసుల చుట్టూ తిరగడానికి రోజు కూలి పోతుంది. ఆ తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టి ఆ ఏడాది గడిపింది. తప్పు ఏదో కార్యాలయానిదని మేము అనడం లేదు. తప్పు మనది. సంక్షేమం అని పేరు పెట్టుకున్న సొసైటీ నాలుగు వీధుల అవతల ఉన్న ఇంటి సంక్షేమం కనుక్కోలేదు. చివరకు మన సభ్యుల్లోనే ఇద్దరు కూర్చుని కాగితాలు సరిచేయించాక పింఛను వచ్చింది, బకాయి కూడా వచ్చింది. ఆ రోజు ఆమె మాతో అన్న మాట మాకు ఇప్పటికీ వినబడుతుంది. "బాబూ, ఆయన పోయినందుకు ఏడ్చాను. ఇన్నాళ్లూ నేను ఆయన భార్యనేనని రుజువు చేసుకోవలసి వచ్చినందుకు ఇంకా ఎక్కువ ఏడ్చాను."

అందుచేత ఈ వేదిక మీదనుంచి కొన్ని పనికివచ్చే మాటలు చెబుతున్నాం. ఇంటికి వెళ్లి ఇవాళ రాత్రే చూసుకోండి.

మొదటిది, పేర్లు. మన ఇళ్లల్లో పేరు ఇంటిపేరుతో ఒక చోట, లేకుండా ఒక చోట రాస్తారు. షేక్ ముందు వస్తుంది, ఇంకొకచోట వెనక వస్తుంది. బీ, బీబీ, బేగం, ఉన్నిసా, ఒక్క మనిషికే నాలుగు పేర్లు. సైన్యంలో పనిచేసినవారు డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు అన్నిట్లోనూ ఒకేలాగ ఉన్నాయో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే, మనిషి బ్రతికి ఉండగానే, రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాసి సరిచేయించాలి. పెళ్లి నమోదు కాకపోతే నికానామా నకలు తీసి జతచేయాలి.

రెండవది, భార్యకు తెలియాలి. పింఛను ఏ బ్యాంకులో పడుతుంది, ఉత్తర్వు కాగితం ఏ పెట్టెలో ఉంది, ఏటేటా జీవన ప్రమాణ పత్రం ఎలా ఇవ్వాలి, ఇవన్నీ ఇల్లాలికి చెప్పి ఉంచడం అపశకునం కాదు, బాధ్యత. ఖాతా ఇద్దరి పేరుమీదా ఉంటే మరీ మంచిది. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లు స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలో నడుస్తున్నాయి. అది రానివాళ్లకు మన కుర్రవాళ్లు సాయపడాలి.

మూడవది, హక్కులు తెలుసుకోవడం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మన కోసమే ఉంది. 2003 నుంచి మాజీ సైనికులకూ, వాళ్ల కుటుంబాలకూ ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం ఉంది. హవల్దారు, అంతకు తక్కువ హోదాలో పనిచేసినవారి పిల్లల చదువుకూ, ఆడపిల్లల పెళ్లికీ కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా సాయం అడగవచ్చు. వితంతువై పుట్టింటికి చేరిన కూతురికి కూడా కొన్ని షరతులమీద కుటుంబ పింఛను హక్కు ఉంది. అడగనివాళ్ల ఇంటికి ఏ పథకమూ దానంతటది నడిచి రాదు.

నాలుగవది మన సొసైటీ పని. వచ్చే వార్షిక సభలోపల మన పరిధిలోని మాజీ సైనికులు, వాళ్ల వితంతువుల వివరాలు ఒక పుస్తకంలో రాసిపెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. మన మతంవాళ్లే అని చూడం, మన వీధుల్లో ఉంటే చాలు. ప్రతి ఇంటికీ ఏడాదికి రెండుసార్లు ఒక సభ్యుడు, వీలయితే ఆయన ఇంటి ఆడవాళ్లతో కలిసి, వెళ్లి రావాలి. ఏమీ పని లేకపోయినా సరే, ఒక కప్పు టీ తాగి రావాలి. తలుపు తట్టే అలవాటు ఉంటే కష్టం దానంతట అదే తెలుస్తుంది.

ఐదవది పిల్లల పని. పిల్లలూ, మిఠాయి ఇంకొక ఐదు నిమిషాల్లో వస్తుంది, ఇది విని వెళ్లండి. మీ వీధిలో ఉన్న మిలట్రీ తాతయ్య దగ్గరకు ఒక ఆదివారం వెళ్లండి. ఏ సంవత్సరం చేరారు, ఎక్కడెక్కడ తిరిగారు, ఇంటిని ఎలా గుర్తుచేసుకునేవారు అని అడగండి. నానమ్మ పక్కనే ఉంటే, తాత లేని రోజుల్లో ఇల్లు ఎట్లా నడిపారని ఆమెనూ అడగండి. విన్నది కాగితం మీద రాసుకురండి. బాగా రాసినవి వచ్చే సంచికలో వేస్తాం.

పెద్దలారా, ముగిస్తున్నాం. ధాముపూర్ దర్జీ ఇంట్లో పుట్టి, సూదీదారంతో చెయ్యి కుదుర్చుకుని, వందమంది జవానుల తిండీబట్టా చూసి, ఒక శుక్రవారం ఉదయం జీపు మీదే ప్రాణమిచ్చిన మనిషిని ఇవాళ తలచుకున్నాం. ఆయనతోబాటు, ఆ తరువాత 54 ఏళ్లు ఆయన ఇంటిని నిలబెట్టిన రసూలన్ బీబీ గారిని కూడా తలచుకున్నాం. ఇకముందు ఆయన పేరు ఎక్కడ చెప్పినా ఆ తల్లి పేరు కూడా కలిపి చెబుదాం.

ఈ ప్రసంగం రాయమని మమ్మల్ని ప్రోత్సహించిన మన మిలట్రీ సాహెబు గారు ఆరోగ్యం బాగాలేక సభకు రాలేకపోయారు. సభ అయిపోయాక కార్యవర్గం నుంచి నలుగురం వారి ఇంటికి వెళుతున్నాం. వీలున్నవాళ్లు మాతో రండి. మన పుస్తకంలో మొదటి ఇల్లు అదే.

పోయినవారికోసం, ఉన్నవారికోసం, సరిహద్దులో ఈ క్షణాన కాపలా కాస్తున్న ప్రతి తల్లి బిడ్డకోసం దువా చేద్దాం.